సావ్తా వంటగదిలో యోబు

పోయిన వారం పొద్దున్నే జెరూసలేం నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. అక్కడ నేను చూసుకున్న ముసలావిడ సావ్తా. ఆవిడ మనవరాలి గొంతు. "నాన్నమ్మ రాత్రి వెళ్ళిపోయింది, నిద్రలోనే. బారుఖ్ దయాన్ హాఎమెత్." తర్వాత కాసేపు ఏడుపు. ఏడుపు తగ్గాక ఒక ప్రశ్న. నాన్నమ్మ తన వాళ్ళ వర్ధంతులు రాసుకునే చిన్న నోటుబుక్కులో, చివరి పేజీలో ఒక పేరుందట. ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియడం లేదట. హీబ్రూ అక్షరాల్లో ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది. అది మా నాన్న పేరు.

ఫోన్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. రాస్తే వస్తుందేమోనని రాస్తున్నాను.

బారుఖ్ దయాన్ హాఎమెత్ అంటే నిజమైన న్యాయాధిపతికి స్తుతి అని. చావు కబురు వినగానే యూదులు ముందు అనే మాట అదే. మంచి జరిగితే దేవుణ్ణి ఎలా స్తుతిస్తామో చెడు జరిగినా అలాగే స్తుతించాలని వాళ్ళ పాత ధర్మసూత్రాల పుస్తకం మిష్నాలో ఉంది. సావ్తా భర్త సబా ఆ మాట కళ్ళు మూసుకుని, ప్రతి అక్షరం విడివిడిగా పలికేవారు. సావ్తా పెదవులతో అనేసి ఊరుకునేది. "నోరు చెప్పింది. మిగతా నేను ఇంకా చెప్పలేదు" అని ఒకసారి నాతో అంది.

*

మాది కోనసీమలో ముమ్మిడివరం వైపు ఒక పల్లె. మా వైపు నుంచి, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి చాలామంది ముసలివాళ్ళని చూసుకునే పనికి ఇజ్రాయెల్ వెళ్తారు. నేనూ అలాగే వెళ్ళాను. నన్ను పెట్టుకున్నది జెరూసలేంలో బేయిత్ వెగన్ అనే పేటలో ఉండే ఒక ముసలి జంట. ఆయనకి పార్కిన్‌సన్స్. వాళ్ళ పిల్లల పిల్లలు పిలిచినట్టే నేనూ ఆయన్ని సబా అని, ఆవిడని సావ్తా అని పిలిచేదాన్ని. మన తాతయ్య, నాన్నమ్మ లాగా.

మొదటి నెలంతా వంటగదిలో టెన్షనే. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. సింకులు రెండు, తుడిచే గుడ్డలు రెండు రంగులు. స్టవ్ మాత్రం నన్ను వెలిగించనిచ్చేది కాదు సావ్తా. యూదులు కానివాళ్ళు మొత్తం తామే వండితే వాళ్ళకి పనికిరాదు, మంట వాళ్ళు పెట్టాలి. ఆవిడ వచ్చి అగ్గి పుల్ల గీసి వెళ్ళేది, మిగతాదంతా నేను చూసుకునేదాన్ని.

ఆవిడది హంగేరియన్ మాట్లాడే ఊరు. అక్కడి అలవాటు ప్రకారం నూడుల్స్ ఉడికించి వాటి మీద పంచదార, నూరిన గసగసాలు చల్లి పెట్టేది. గసగసాలు నూరడానికి బల్ల అంచుకి బిగించే ఒక చిన్న ఇనప మర ఉండేది. పైన గింజలు పోసి పిడి తిప్పితే కింద నల్లటి ముద్ద రాలేది. మాకు గసగసాలంటే తెల్లవి, మసాలాలోకి. అవి నల్లవి, తీపిలోకి. మొదటిసారి తిన్నప్పుడు మొహం ఎలా పెట్టానో గానీ, తర్వాత తర్వాత ఆ మర చప్పుడు వినపడితే చాలు ప్లేట్లు సర్దేసేదాన్ని.

శుక్రవారం సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు, ఏ పనీ చేయకూడని సబ్బాతు మొదలవుతోందని ఊరంతా వినిపించేలా సైరన్ మోగుతుంది. అప్పటికి చోలెంట్ హాట్ ప్లేట్ మీదకి ఎక్కేసి ఉండాలి. బీన్స్, బార్లీ, మాంసం, బంగాళాదుంపలు రాత్రంతా మగ్గి శనివారం మధ్యాహ్నానికి బెల్లం రంగులోకి వచ్చేవి. సైరన్ ఆగాక ఇంట్లో స్విచ్ ముట్టుకునేవారు లేరు, ఫోన్ ఎత్తేవారు లేరు. అంతటి నిశ్శబ్దం నేను మా ఊళ్ళో పొలం గట్ల మీద కూడా ఎరగను.

మామూలు రోజుల్లో మాత్రం ఆ ఇంట్లో రోజంతా సబా గొంతే. వాళ్ళ రబ్బీల ధర్మచర్చల మహాగ్రంథం తల్‌ముద్‌ని రోజుకో పేజీ చొప్పున చదివే పద్ధతి ఒకటి ఉంది. మొత్తం 2,711 పేజీలు, దాదాపు ఏడున్నరేళ్ళు. లోకంలో ఎక్కడున్నా ఆ రోజు అందరూ అదే పేజీ. సబా దాన్ని రాగం తీసి చదివేవారు. ప్రశ్న దగ్గర గొంతు పైకి లేచేది, జవాబు దగ్గర కిందికి దిగేది. చేతులు వణికి పేజీ తిప్పలేకపోయేవారు కాబట్టి ఆ పని నాది. చూపుడు వేలితో బల్ల మీద ఒక్క దెబ్బ కొడితే తిప్పాలి. రెండు దెబ్బలంటే వెనక్కి. రోజూ గంటలకొద్దీ ఆయన పక్కన కూర్చోవడంతో ఆ రాగం నాకు నిద్రలో కూడా వినిపించేది. భాష కొంచెం పట్టుబడ్డాక కథలు చెప్పడం మొదలుపెట్టారు.

*

యోబు కథ నాకు తెలుసంటే సబా నమ్మలేదు. మాది క్రైస్తవ కుటుంబం, ఆదివారం బడిలో విన్నాను, ఊజు దేశం, ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు అని చెప్పాను. మురిసిపోయారు. "సరే, యోబు ఎలాంటివాడు?" అన్నారు. ఓర్పుకి మారుపేరని మాకు నేర్పినట్టే చెప్పాను.

ఆయన నా చేత పుస్తకం తీయించి మూడో అధ్యాయం విప్పించారు. యోబు తాను పుట్టిన రోజుని శపిస్తాడు. అక్కడి నుంచి అధ్యాయం తర్వాత అధ్యాయం దేవుణ్ణి నిలదీస్తూనే ఉంటాడు, నన్ను కోర్టులో వాదించుకోనివ్వు అంటాడు. స్నేహితులు దేవుడి తరఫున మాట్లాడతారు. నువ్వేదో తప్పు చేసి ఉంటావు, తప్పు చేయనివాడు ఎప్పుడైనా నశించాడా అంటారు. మీరు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుంటారా అని యోబు వాళ్ళ మీద విరుచుకుపడతాడు. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడి, నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని యోబుని గద్దిస్తాడు. ఎందుకు జరిగిందో మాత్రం చెప్పడు. కానీ ఆ ముగ్గురితో ఏమంటాడో నాకు ఆదివారం బడిలో ఎవరూ చెప్పలేదు. నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి సరైనది పలకలేదు, నా కోపం మీ మీద మండుతోంది అంటాడు.

"చూశావా," అన్నారు సబా. "అరిచినవాడు సరిగ్గా మాట్లాడాడు. సమర్థించినవాళ్ళు తప్పుగా మాట్లాడారు."

అసలు యోబు అనేవాడే లేడు, అది ఒక ఉపమానం అని కూడా తల్‌ముద్‌లో ఒక వాదన ఉందని ఆయన చెబుతుంటే వంటగదిలోంచి సావ్తా కేకేసింది. "లేడని ఎవరన్నారు? మా వీధిలోనే పది మంది ఉండేవాళ్ళు."

తర్వాత తుడుచుకుంటున్న చేతులతోనే గది గుమ్మం దాకా వచ్చింది. "ఆ కథ చివర్లో అతనికి మళ్ళీ పది మంది పిల్లలు పుడతారు. సరిపోయిందా లెక్క? మొదటి పది మంది సంగతి ఏ రబ్బీ అడిగాడు?" సబా జవాబు చెప్పలేదు. వేలితో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టారు. నేను పేజీ వెనక్కి తిప్పాను.

*

సావ్తాది కొలోజ్‌వార్. ఇప్పుడు రొమేనియాలో ఉంది, క్లుజ్ అంటారు. 1940లో హంగేరీ పాలన కిందికి వచ్చింది. 1944 వేసవి ముందు ఆ ఊరి యూదులందర్నీ ఇటుకల ఫ్యాక్టరీ ఆవరణలోకి తోలి, అక్కడి నుంచి రైళ్ళలో నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌కి పంపారు. హంగేరీ నుంచి సుమారు ఎనిమిది వారాల్లో 4,30,000 మందికి పైగా యూదుల్ని అలా తరలించారు. సావ్తాకి అప్పుడు పదహారేళ్ళు. అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు రైలు దిగిన రోజే పోయారు. ఇంతకు మించి ఆవిడ నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఏటా హోలోకాస్ట్, అంటే నాజీలు చేసిన యూదుల సంహారం, సంస్మరణ రోజున పొద్దున పది గంటలకి దేశమంతా రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది. రోడ్డు మీద బస్సులు ఆగిపోతాయి, డ్రైవర్లు దిగి నిలబడతారు. మేము బాల్కనీలో నిలబడేవాళ్ళం. సబా కుర్చీలోంచి లేవలేరు, అయినా లేవదీయమనేవారు. నేను చంకల కింద చేతులు వేసి పట్టుకునేదాన్ని. సావ్తా మాత్రం ఆ రెండు నిమిషాలు కూడా గసగసాల మర తిప్పుతూనే ఉండేది. మొదటిసారి ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డాను. సబా కళ్ళతోనే వద్దన్నారు, ఆవిడని ఏమీ అనకు అన్నట్టు.

ఆవిడకి పట్టరాని కోపం వచ్చిన సంగతి ఒకటి కూతుళ్ళు చెప్పుకునేవారు. 2000లో ఒక పేరున్న రబ్బీ తన ప్రసంగంలో, హోలోకాస్ట్‌లో చనిపోయినవాళ్ళు పూర్వజన్మలో పాపం చేసిన ఆత్మలు, ఆ పాపం కడుక్కోవడానికే మళ్ళీ పుట్టారు అన్నారట. దేశమంతా గొడవైంది. యూదుల్లోనూ పునర్జన్మ మాట ఉందని నాకు అప్పుడే తెలిసింది. కబాలా అనే వాళ్ళ మార్మిక విద్య పుస్తకాల్లో అది పెద్ద విషయమేనట. సావ్తా ఆ రోజు రేడియో కట్టేసి, "నా చిన్న తమ్ముడికి ఆరేళ్ళు. వాడు ఏ జన్మలో ఏం చేశాడో ఆ మనిషి నా మొహం చూసి చెప్పమనండి" అందట.

ఏ జన్మలో ఏం పాపం చేశాడో. ఆ మాట నేను అంతకు ముందే విన్నాను, తెలుగులో.

*

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్ళకి బంధం వేసుకుని, నడుముకి కత్తి కట్టుకుని చెట్టెక్కితే చూస్తుండగానే మొవ్వులో మాయమైపోయేవాడు. ఏ చెట్టు కాపు తగ్గిందో, ఏ చెట్టుకి పురుగు పట్టిందో యజమాని కంటే ముందు ఆయనకే తెలిసేది. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్ళంతా కొబ్బరి పీచు వాసన. పది చెట్ల కూలి డబ్బుల్లో ఒక చెట్టుది ఎవరో ఒకరికి ఇచ్చేసి వచ్చేవాడని అమ్మ గొణిగేది.

96 తుఫాను రాత్రి, దీపావళి దగ్గర్లోకి వచ్చిన రోజులు. గాలి మొదలయ్యాక మమ్మల్ని బడి డాబాలోకి చేర్చి, తాటాకింట్లో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మని తీసుకొస్తానని మళ్ళీ వెళ్ళాడు. ఆవిడని తీసుకొచ్చి బడి మెట్లెక్కించాడు కూడా. ఆవిడ మూట మర్చిపోయిందని ఇంకోసారి వెళ్ళాడు. చెట్టు మీద పడింది. ఆయన ఎన్నోసార్లు ఎక్కి దిగిన చెట్టే. తెల్లారేసరికి ఊళ్ళో నిలబడ్డ కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. రాష్ట్రంలో ఆ తుఫానుకి వెయ్యి మందికి పైగా పోయారు.

మాకు తట్టుకోలేనిదిగా మిగిలింది మాత్రం ఆ తర్వాత వచ్చిన మాటలు. పరామర్శకి వచ్చిన వాళ్ళంతా నాన్న ఎందుకు పోయాడో అమ్మకి చెప్పి వెళ్ళినవాళ్ళే. ఏ జన్మలో ఏం పాపం చేశాడో అన్నది పక్కింటామె. తాను ప్రేమించినవాణ్ణే దేవుడు శిక్షిస్తాడు అన్నారు పాస్టర్‌గారు. మా సొంత పిన్నయితే, "నువ్వు ఆ ఆదివారం ప్రార్థనకి రాలేదు కదక్కా" అంది. అమ్మకి జ్వరం ఆ ఆదివారం. ఆ ఒక్క మాట అమ్మ ఒంట్లోకి దిగిపోయింది. ఏళ్ళ తరబడి ఒళ్ళు కాలిపోతున్నా ఆదివారం మానలేదు.

ఇదంతా ఒక రోజు సబాకి స్నానం చేయించి, బట్టలు వేస్తూ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఆయన అడిగారు, చెప్పేశాను. ఆయన మొహం ఎర్రబడింది. అల్మారాలోంచి ఫలానా సంపుటం తీయమన్నారు. బావా మెత్సియా. పేజీ 58, రెండో వైపు. వణికే వేలు పెట్టి ఒక్కో మాటా చదివి అర్థం చెప్పారు. డబ్బు విషయంలో ఎదుటివాణ్ణి మోసం చేయడం ఎలా నిషేధమో, మాటతో గాయపరచడం కూడా అలాగే నిషేధం. దానికి అక్కడ ఉదాహరణలిస్తారు. ఒకడికి కష్టాలు వచ్చి పడినా, రోగం వచ్చినా, పిల్లల్ని పాతిపెట్టుకున్నా, యోబుతో అతని స్నేహితులు మాట్లాడినట్టు మాట్లాడకూడదు. తప్పు చేయనివాడు ఎప్పుడైనా నశించాడా అనే ఆ మాట పేరు పెట్టి మరీ చెబుతారు.

"ఇది సలహా కాదు. చట్టం," అన్నారు. "మీ అమ్మ దగ్గరికి వచ్చినవాళ్ళు చట్టం తప్పారు."

నేను ఏడ్చాను. నాన్న పోయినందుకు కాదు అప్పుడు. అది తప్పని అంత గట్టిగా అన్న మొదటి మనిషి ఆయనే.

వంటగదిలోంచి సావ్తా వచ్చింది. మీ నాన్న పేరేంటి అని అడిగింది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది, ముక్కలు చేసి. ఏ రోజు పోయాడు అంది. ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. నోటుబుక్కులో రాసుకుందని మొన్నటి దాకా నాకు తెలియదు.

*

సబా కొత్త చక్రం మొదలుపెట్టింది 2012 ఆగస్టులో. 2,711 పేజీలు ముగిసి మళ్ళీ బెరఖోత్ అనే మొదటి సంపుటం నుంచి అందరూ మొదలుపెట్టిన రోజులు. అప్పటికి ఆయన ఒంట్లో శక్తి బాగా తగ్గింది. నాలుగో రోజే ఐదో పేజీ వచ్చింది, అది కష్టాల గురించే. మొదట కష్టం వస్తే నీ పనులు సరి చూసుకో అంటుంది. తప్పు కనపడకపోతే అది ప్రేమతో పెట్టిన కష్టం అనుకో అంటుంది, మా పాస్టర్‌గారు చెప్పిన వాక్యాన్నే చూపిస్తుంది. నాకు గుండె జారింది. "ఆగు, పేజీ తిప్పు" అన్నారు.

వెనక వైపు ఒక కథ. రబ్బీ హియ్యా జబ్బు పడితే రబ్బీ యోహనాన్ చూడటానికి వెళ్తాడు. "ఈ బాధలు నీకు ఇష్టమేనా?" అని అడుగుతాడు. "బాధలూ వద్దు, వాటికిచ్చే ప్రతిఫలమూ వద్దు" అంటాడతను. "చెయ్యి ఇటివ్వు" అంటాడు యోహనాన్. ఇస్తాడు. లేవదీస్తాడు. కొన్నాళ్ళకి యోహనానే జబ్బు పడతాడు. ఇంకొకాయన వచ్చి అదే ప్రశ్న అడిగి, అదే జవాబు విని, చెయ్యి పట్టి లేవదీస్తాడు. ఇంతమందిని లేపినవాడు తనంత తాను లేవలేడా అంటే, ఖైదీ తన చెర తానే విప్పుకోలేడు అని జవాబు. ఆ యోహనాన్‌కి పది మంది కొడుకులు పోయారు. పదో కొడుకు ఎముక దగ్గర పెట్టుకుని తిరిగేవాడట.

ఇంకో స్నేహితుడు చీకటి గదిలో పడుకుని ఏడుస్తుంటే యోహనాన్ వెళ్ళి, చదువు సరిగా సాగలేదనా, డబ్బు లేదనా, పిల్లలు లేరనా అని అడుగుతాడు. కాదు, నీలాంటి అందం కూడా ఒక రోజు మట్టిలో కలుస్తుందని ఏడుస్తున్నాను అంటాడు. అందుకు ఏడవాల్సిందే అని యోహనాన్ కూడా కూర్చుని ఏడుస్తాడు. ఇద్దరూ ఏడ్చాకే చెయ్యి ఇవ్వమంటాడు. సబాకి ఆ కథలన్నిటిలో ఇదే ఇష్టం. ఆ చలికాలం నొప్పి ఎక్కువైన రాత్రుల్లో, ఎలా ఉంది సబా అని నేను అడిగితే, "అవీ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దు" అని చెయ్యి చాపేవారు.

*

శనివారం చీకటి పడి మూడు చుక్కలు కనపడ్డాక హవ్దాలా. సబ్బాతుకి వీడ్కోలు. జడలా అల్లిన కొవ్వొత్తి, ద్రాక్షారసం, చిన్న గోపురంలా ఉండే వెండి డబ్బాలో లవంగాలు. డబ్బా ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళేది, అందరూ వాసన చూసేవారు. నా చేతికీ ఇచ్చేవారు.

ఒక శనివారం ఆ డబ్బా పట్టుకునే సబా రబ్బీ మేయిర్ కథ చెప్పారు. ఆయన చదువుల మందిరంలో పాఠం చెబుతుండగా సబ్బాతు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరు కొడుకులూ చనిపోయారు. భార్య బ్రూరియా మంచం మీద దుప్పటి కప్పి, హవ్దాలా అయ్యేదాకా ఆయనకి చెప్పలేదు. అయ్యాక, "ఒకాయన నా దగ్గర ఒక వస్తువు దాచుకోమని ఇచ్చాడు. ఇప్పుడు అడుగుతున్నాడు. ఇచ్చేయాలా?" అని అడిగింది. ఇవ్వాల్సిందే కదా అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళింది. వినేవాళ్ళందరికీ కళ్ళు చెమర్చే కథ అది. నాకూ చెమర్చాయి.

సావ్తా లవంగాల డబ్బా మూత నొక్కి పెట్టింది. "దాచుకోమన్న సొమ్ము తిరిగి ఇవ్వడం వేరు. దొంగలు తలుపు పగలగొట్టి పట్టుకుపోవడం వేరు. మా అమ్మని ఎవరూ అడిగి తీసుకోలేదు."

అలా అని ఆవిడ ఏదీ మానలేదు. కొవ్వొత్తులు వెలిగించేది, ఉపవాసం ఉండేది. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం రోజు ప్రార్థనలో ఒక చోట మాత్రం పుస్తకం మూసేసేది. రోమన్లు చంపిన పది మంది పండితుల గురించిన చోటు అది. వాళ్ళలో రబ్బీ అకివాని ఇనప దువ్వెనలతో ఒళ్ళు చీల్చి చంపారు. రబ్బీ ఇష్మాయేల్ మొహం చర్మం ఒలుస్తుంటే దేవదూతలు, ఇదా ధర్మశాస్త్రం చదివినందుకు ప్రతిఫలం అని అరుస్తారు. ఇంకొక్క మాట వినిపిస్తే లోకాన్ని నీళ్ళ పాలు చేస్తాను అని పైనుంచి జవాబు వస్తుంది. ఇక్కడే మూసేస్తానని ఆవిడ నాకు పేజీ చూపించింది. నేను చెప్పాను, లోకం నీళ్ళ పాలైతే ఎలా ఉంటుందో నేను చూశాను సావ్తా అని. నా వైపు చాలాసేపు చూసింది. "అయితే నీకూ మూసే హక్కుంది" అంది.

నాజీలు యూదుల్ని బంధించిన పేట వార్సా ఘెట్టోలో పియాసెచ్నో రబ్బీ కలోనిమస్ షపిరా చెప్పిన మాట ఒక్కటే ఆవిడ అడ్డు చెప్పకుండా విన్నది. 1939 సెప్టెంబరు బాంబుల్లో ఆయనకున్న ఒక్క కొడుకూ పోయాడు. అయినా ఘెట్టోలో ప్రసంగాలు చేస్తూ, రాస్తూ ఉన్నాడు. ఆ కాగితాలు పాతిపెట్టాడు, ఆయన్ని చంపేశారు, యుద్ధం అయ్యాక అవి బయటపడ్డాయి. దేవుడు లోపలి గదిలో ఒంటరిగా ఏడుస్తున్నాడు, ఆ ఏడుపు బయటికి వస్తే లోకం నిలవదు, అందుకే మనకి వినపడదు అని అందులో ఉంది. సావ్తా అది విని, "ఏడ్చేవాడైతే నా పక్కన కూర్చోవచ్చు" అంది.

*

సబా పోయింది ఒక మంగళవారం మధ్యాహ్నం. జెరూసలేంలో శవాన్ని రాత్రంతా ఉంచరు. చీకటి పడకముందే గివత్ షావుల్ కొండ మీద శ్మశానానికి తీసుకెళ్ళారు. పెట్టె లేదు, తెల్ల గుడ్డ, మీద ఆయన ప్రార్థన శాలువా. కొడుకు చొక్కా కాలరు దగ్గర చింపారు. ఇంటికి రాగానే మాకు ఉడకబెట్టిన గుడ్లు పెట్టారు, పక్కింటివాళ్ళు వండి తెచ్చినవి.

తర్వాత ఏడు రోజులు షివా అనే సంతాపం. అద్దాల మీద దుప్పట్లు, తలుపు గడియ తీసే ఉంది. సావ్తా, పిల్లలు పొట్టి స్టూళ్ళ మీద కూర్చున్నారు. వచ్చినవాళ్ళు ఎవరూ పలకరించలేదు. వచ్చి కూర్చున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచేదాకా పరామర్శకి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదట. అది కూడా యోబు నుంచే. ఆ ముగ్గురు స్నేహితులు మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన నోరెత్తకుండా కూర్చున్నారు. అక్కడి దాకా వాళ్ళు మంచివాళ్ళే అని సబా అనేవారు.

నేను టీలు ఇస్తూ తిరుగుతున్నాను. ఒక పెద్దమనిషి చాలాసేపు కూర్చుని, లేచి, వాళ్ళు అనే ఓదార్పు వాక్యం అనేసి వెళ్ళిపోయాడు. సావ్తా ఒక్క మాట మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. గుమ్మం దాటాక, మంచి మనిషి అంది ఆవిడ. మూడో రోజు నాకూ ఒక స్టూలు తెప్పించింది. నేను కూర్చోకూడదేమో అన్నాను. కూర్చో అంది. కూర్చున్నాను. వచ్చినవాళ్ళలో ఒకావిడ నా వైపు తిరిగి, ఆయన నీకు ఏమేం చెప్పేవారు అని అడిగింది. వచ్చీరాని హీబ్రూలో యోహనాన్ కథ చెప్పాను. గదంతా విన్నారు.

సబా పోయాక నన్ను సావ్తాని చూసుకునే పనికే రాయించుకున్నారు. మనవరాలు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరికీ వాదనే. అక్కడ హెరాల్డ్ కుష్నర్ అనే రబ్బీ కొడుకు, బాల్యంలోనే ముసలితనం వచ్చే జబ్బుతో పద్నాలుగేళ్ళకి పోయాడు. కష్టాలు దేవుడు పంపేవి కావు, అన్నిటినీ ఆపే శక్తి కూడా ఆయనకి లేదు, తట్టుకునే బలం మాత్రం ఇస్తాడు అని ఆ తండ్రి తేల్చుకున్నాడు. మనవరాలికి అది నచ్చింది. ఆవిడకి నచ్చలేదు. ఆపలేని దేవుడితో పోట్లాడి ఏం లాభం అనేది. కాసేపాగి, "ఆ తండ్రి ఇక్కడికొస్తే మాత్రం టీ ఇస్తాను, ఏమీ అనను" అనేది.

*

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు అమ్మకి ఇవన్నీ చెప్పాను. ఒక కథ దగ్గర ఆపి మళ్ళీ చెప్పించుకుంది. తండ్రి చెప్పాడని ఒక పిల్లాడు గూట్లో పిల్లల కోసం పైకి ఎక్కుతాడు. శాస్త్రం చెప్పినట్టు ముందు తల్లి పక్షిని వదిలేస్తాడు. తండ్రి మాట విన్నవాడికి, తల్లి పక్షిని వదిలినవాడికి దీర్ఘాయుష్షు అని రెండు చోట్ల రాసి ఉంది. దిగుతూ పడి చచ్చిపోతాడు. అది చూసే ఎలీషా బెన్ అబూయా అనే మహా పండితుడు విశ్వాసం పోగొట్టుకున్నాడంటారు. ఆ ఆయుష్షు ఈ లోకంలోది కాదు, పై లోకంలోది అని ఒక రబ్బీ అంటాడు. ఇంకా తర్కించి తర్కించి, చివరికి అదే పేజీలో, నిచ్చెన బాగాలేదు అంటారు.

"నిచ్చెన బాగాలేదా?" అంది అమ్మ.

"అంతేనమ్మా. నిచ్చెన పాడైపోయింది. పిల్లాడి తప్పేం లేదు."

"ఆ రోజు గాలి అంతుంది మరి," అంది. చాలాసేపటికి, "ఆ ఆదివారం నాకు జ్వరమే కదే" అంది.

యోబు స్నేహితుల్లా మాట్లాడకూడదన్న చట్టం ఏ పుస్తకంలో ఉందో, పేజీతో సహా తెలుగులో రాసివ్వమంది. రాశాను. బావా మెత్సియా, 58, రెండో వైపు. మడిచి జాకెట్లో పెట్టుకుని చెప్పులేసుకుంది. పిన్ని ఇంటికి. నాన్న పోయినప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కలేదు అమ్మ. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చింది. ఏమంది పిన్ని అని అడిగాను.

"చదివి వినిపించా. ఏడ్చింది. వాళ్ళ పెద్దాడు పోయినప్పుడు నేను వెళ్ళలేదుగా, అదీ అడిగింది. ఏం చెప్పను, కూర్చున్నా. రేపు మళ్ళీ వస్తానని చెప్పొచ్చా."